బ్యాండు మోగే వేళకు బస్సు చేరాలి

(విశాఖ తీర యాత్రలు నడిపేవారికి, వాటికి అనుమతులిచ్చేవారికి బహిరంగ లేఖ)

కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల నుంచి కోస్తాకు బస్సు యాత్రలు నడిపే ట్రావెల్స్ యజమానులకు, ఆ బస్సులకు పర్మిట్లిచ్చే రవాణా శాఖ అధికారులకు, పర్యాటక, పురావస్తు శాఖల వారికి, విశాఖలో నౌకాదళ ప్రదర్శన ఏర్పాట్లు చూసే అధికారులకు నమస్కారం.

ఈ మూడు జిల్లాల్లో యాత్రలకు మనుషులను కూడగట్టేవాళ్లం, బస్సులు నడిపేవాళ్లం, బడి పిల్లలకు బ్యాండు నేర్పేవాళ్లం, సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లం కలిసి రాస్తున్న లేఖ ఇది. ఇందులో ఉన్నవే అర్జీలుగా రాసి సంబంధిత కార్యాలయాల్లో ఇచ్చాం. ముద్ర వేసి రసీదు ఇచ్చారు. జవాబు రాలేదు. యాత్రలు నడిపేవారిని అడిగితే, జనం అడిగిందే పెడుతున్నామన్నారు. జనం అడుగుతున్నది అది కాదని మాకు తెలుసు కాబట్టే అందరూ చదివేలా ఇక్కడ పెడుతున్నాం.

సముద్రం లేని జిల్లాలు మావి. విశాఖ ఆర్కే బీచ్‌లో నౌకాదళ విన్యాసాలు, చివర్లో పొద్దు గూకే వేళ నౌకాదళ బ్యాండు వాయించే బీటింగ్ రిట్రీట్, దారిలో మోటుపల్లి, బందరు, భీమిలి లాంటి పాత రేవులు. ఈ యాత్ర అంటే మా ఊళ్లలో పెన్షనర్లు, మాజీ సైనికుల కుటుంబాలు, ఎన్‌సీసీ పిల్లలు, పెళ్లిళ్లకు బ్యాండు వాయించేవాళ్లు ఎంతో ఆశగా పేర్లిస్తారు. నడిపే తీరు మాత్రం ఒకే మూసలో ఉంది. రాత్రంతా ప్రయాణం, మధ్యాహ్నానికి విశాఖ, సాయంత్రం బీచ్, ఆ రాత్రే వెనక్కి. లాడ్జి ఖర్చు తగ్గించడానికి వేసిన లెక్క అది. మేం కోరేది ముఖ్యంగా ఒకటే. బ్యాండు మోగే ఆ గంటను ముందు ఖాయం చేసుకోండి. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ మిగతా యాత్ర కట్టండి. మిగతావన్నీ జరపొచ్చు, సూర్యాస్తమయాన్ని జరపలేం.

1. తేదీ

నౌకాదళ దినోత్సవం డిసెంబరు 4. 1971 యుద్ధంలో ఆ రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ రేవు మీద దాడి చేసినందుకు గుర్తుగా జరుపుతారు. ఏళ్ల తరబడి విశాఖలో ప్రదర్శన ఆ రోజే జరిగింది కాబట్టి, ఇప్పటికీ కరపత్రాల మీద "డిసెంబరు 4, నేవీ డే స్పెషల్" అనే అచ్చువేస్తున్నారు. పరిస్థితి మారింది. ప్రధాన వేడుక 2023లో మహారాష్ట్రలోని సింధుదుర్గ్‌లో, 2024లో పూరీలో, 2025లో తిరువనంతపురంలో జరిగింది. పూరీ వేడుక జరిగిన ఆ ఏడు విశాఖ ప్రదర్శన నెల తర్వాత, 2025 జనవరి 4న జరిగింది. తేదీ అడగకుండా అచ్చువేసిన కరపత్రాన్ని నమ్మి పోయినవాళ్లకు ఉత్త బీచ్ కనబడుతుంది. సెలవు పెట్టుకున్న టీచరుకు ఆ సెలవు పోతుంది. రోజు కూలి వదులుకుని, కూతురి బ్యాండు డ్రెస్సు కూడా సర్దుకుని వచ్చిన తండ్రికి కూలీ పోతుంది, ఇచ్చిన డబ్బూ పోతుంది.

అధికారిక ప్రకటన రాకముందు పూర్తి డబ్బు వసూలు చేయొద్దు. సీటు ఖాయం చేసుకోవడానికి కొద్ది మొత్తం తీసుకుని, తేదీ మారితే మారిన తేదీకి సీటైనా ఇవ్వాలి, డబ్బైనా వెనక్కి ఇవ్వాలి. ఇంకో మాట. అసలు ప్రదర్శనకు ఒకట్రెండు రోజుల ముందు పూర్తిస్థాయి రిహార్సల్ జరుగుతుంది. బ్యాండు అదే, బాణీలు అవే, రద్దీ మాత్రం తక్కువ. వృద్ధులు, చిన్నపిల్లలు ఎక్కువగా ఉన్న బస్సును రిహార్సల్ రోజుకే తీసుకెళ్లడం మంచిది. దాన్ని తక్కువరకం చూపుగా ఎవరూ అనుకోనక్కర్లేదు.

2. వేళ

డిసెంబరు మొదటి వారంలో కడపలో పొద్దు గూకేది సుమారు 5.45కు. విశాఖలో 5.20కే గూకుతుంది. ఊరు తూర్పున ఉండటంవల్ల, కొంత ఉత్తరాన ఉండటంవల్ల ఈ తేడా. మన ఊరి అలవాటుతో "ఐదున్నరకు బీచ్ దగ్గర దింపుతాం" అని వేసిన షెడ్యూలుకు అక్కడ చీకటి పడుతుంది. బ్యూగుల్ మోగి జెండా దిగడం అయిపోతుంది. దాని కోసమే 700 కిలోమీటర్లు వచ్చినవాళ్లకు జనం తిరిగిపోవడం కనబడుతుంది.

వెనక్కి లెక్క ఇలా ఉండాలి. ఆ రోజు బీచ్ రోడ్డు మీదికి బస్సులను రానివ్వరు. పార్కింగ్ చోటు నుంచి కిలోమీటరు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ నడక. నలభై మంది గుంపు, అందులో కర్ర పట్టుకుని నడిచేవాళ్లు పదిమంది ఉంటే ఆ కిలోమీటరుకు నలభై నిమిషాలు పడుతుంది. తనిఖీ వరుసలో ఇంకో అరగంట. మూడింటికల్లా కూర్చోవాలంటే ఒకటిన్నరకు బస్సు పార్కింగ్‌లో ఆగాలి, పన్నెండింటికి భోజనాలు కావాలి. అంటే ముందురోజు రాత్రికే విశాఖ చేరి నిద్రపోయి ఉండాలి. ఆ ఒక్క రాత్రి లాడ్జి ఖర్చు మిగుల్చుకోవడం వల్లే ఈ యాత్రల్లో సగం అనర్థాలు జరుగుతున్నాయి. నీళ్లసీసా, టోపీ, ఆధార్ కార్డు మనిషి దగ్గర ఉండాలి. పెద్ద సంచులు బస్సు డిక్కీలోనే ఉండాలి. సంచులు తెచ్చినవాళ్ల వల్లే తనిఖీ వరుస ఆగిపోతుంది.

3. దూరం, డ్రైవరు

కడప నుంచి గానీ కర్నూలు నుంచి గానీ విశాఖ దాదాపు 700 కిలోమీటర్లు, దారిని బట్టి ఇంకొంత ఎక్కువే. అనంతపురం నుంచి 800 దాటుతుంది. టిఫిన్లు, భోజనాలు, టోల్‌గేట్లు కలుపుకుంటే పెద్ద బస్సు సగటున గంటకు 50 కిలోమీటర్లకు మించి పోదు. అంటే పద్నాలుగు నుంచి పదహారు గంటలు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం డ్రైవరు పని రోజుకు 8 గంటలు, వారానికి 48. రోజుకు 8 గంటల పరిమితి దాని స్థానంలో వచ్చిన కార్మిక కోడ్‌లోనూ ఉంది. దూర ప్రయాణాలకు అనుమతితో 10 గంటల దాకా పొడిగించే వీలు పాత చట్టంలో ఉండేది. 5 గంటలు నడిపాక అరగంట విశ్రాంతి ఇచ్చి తీరాలనీ అందులో ఉండేది. ఇద్దరు డ్రైవర్లు లేకుండా ఈ దూరం చట్టప్రకారం పోవడం కుదరదు.

ఇద్దరిని పెట్టామని చెప్పి, రెండోవాడిగా క్లీనర్‌ను చూపించడం మామూలైపోయింది. రెండో డ్రైవరుకు పడుకునే చోటు లేక ఇంజను పక్కన బోనెట్ మీద ఒరిగే బస్సులున్నాయి. అది విశ్రాంతి కాదు. నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల ఘాట్‌లో తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల మధ్య స్టీరింగ్ పట్టుకున్న మనిషికి మలుపు మలుపుకూ కన్ను మూతపడుతుంది. వెనక నలభై మంది నిద్రలో ఉంటారు. ప్రదర్శన రోజున రోజంతా పార్కింగ్‌లో ఎండలో కూర్చున్న డ్రైవర్‌నే ఆ రాత్రి పది గంటలకు మళ్లీ బండి తీయమనడం అన్నిటికన్నా ప్రమాదం. ప్రదర్శన రాత్రి తిరుగు ప్రయాణం పెట్టవద్దని రవాణా శాఖ పర్మిట్ షరతుల్లోనే రాయాలి. ఇద్దరు డ్రైవర్ల లైసెన్సు నంబర్లు, ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా నడుపుతారో ట్రిప్ షీట్ మీద ఉండాలి. ఆ షీట్ ప్రయాణికులకు కనబడేలా ముందు అద్దం లోపల అంటించాలి.

4. బస్సు

2013 అక్టోబరులో పాలెం దగ్గర, 2025 అక్టోబరు 24న మా కర్నూలు దగ్గరే చిన్నటేకూరు వద్ద బస్సులు తగలబడ్డాయి. రెండూ తెల్లవారుజామునే. నిద్రలో ఉన్నవాళ్లకు బయటపడే దారి దొరకలేదు. అందుకని ఈ విషయంలో మా మాట కటువుగా ఉంటే మన్నించండి.

ఎక్కేముందు చూడాల్సినవి ఎక్కువేం లేవు, పది నిమిషాల పని. అత్యవసర ద్వారం లోపలి నుంచి ఒకసారి తెరిచి చూపించాలి. దాని ముందు అదనపు సీటు బిగించిన బస్సు కదలకూడదు. అద్దాలు పగలగొట్టే సుత్తులు హోల్డర్లలో ఉండాలి. దొంగిలిస్తారని వాటిని డ్రైవరు పెట్టెలో దాచడం వల్ల ప్రయోజనం లేదు. డ్రైవరు దగ్గరొకటి, వెనకొకటి అగ్నిమాపక సిలిండర్లుండాలి, వాటి గేజ్ ముల్లు పచ్చ భాగంలో ఉండాలి. వేగ నియంత్రణ పరికరం 80 దగ్గర సీలు వేసి ఉండాలి. స్టెప్నీలో గాలి ఉండాలి. డిక్కీలో గ్యాస్ సిలిండర్, కిరోసిన్, టపాసులు, పార్సిల్ సరుకు ఉండకూడదు. వంట మనిషిని వెంట తీసుకెళ్లే యాత్రల్లో గ్యాస్ సిలిండర్ డిక్కీలోకి ఎక్కుతోంది. నేరుగా ప్రయాణికుల కాళ్ల కిందే. ఇది ఇవాళే ఆగాలి. వంట లాడ్జి దగ్గర చేయించండి, లేదా హోటల్లో మాట్లాడుకోండి.

ఇంకా, బ్యాండు పిల్లలున్న బస్సులో బాస్ డ్రమ్ములు, ట్రోంబోన్ పెట్టెలు నడవలో పెడుతున్నారు. చీకట్లో, పొగలో అవే కాళ్లకు అడ్డం పడతాయి. వాయిద్యాలకు డిక్కీలో ఒక అర ఖాళీగా వదలాలి, కింద దుప్పటి పరవాలి. డ్రమ్ము తోలు వైపు కిందికి పెట్టకూడదు.

5. టాయిలెట్లు

ఆపే చోటు తెలియక ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. పద్నాలుగు గంటలు అలా కూర్చుంటే మూత్రంలో మంట, తలనొప్పి, షుగరు ఉన్నవాళ్లకు కళ్లు తిరగడం. యాత్ర రెండోరోజు సగం మంది లాడ్జిలోనే పడుకుని ఉండటానికి కారణం ఇదే, తిన్నది అరగకపోవడం కాదు. రెండున్నర గంటలకోసారి, ముందే ఫోన్ చేసి నీళ్లున్నాయని తెలుసుకున్న పెట్రోలు బంకు దగ్గరో హోటలు దగ్గరో ఆపాలి. నలభై మందికి రెండే టాయిలెట్లుంటే ఆపింది పది నిమిషాలైనా అయ్యేది నలభై నిమిషాలు. షెడ్యూల్లో ఆ నలభై నిమిషాలూ రాసుకోవాలి.

6. చూడాల్సిన చోట్లు

కరపత్రంలో "చారిత్రక ప్రదేశాలు" అని ఒక్క మాట రాసి, తీసుకెళ్లేది షాపింగ్ మాల్‌కు. మా జనం చరిత్ర చూడరని ఎవరు తేల్చారో తెలియదు. సముద్రపు ఒడ్డున ఉన్న ఆ రేవులతో మా ఎండిన సీమకు ఉన్న సంబంధం ఇవాళ్టిది కాదు. 1652లో వజ్రాల వర్తకుడు తావెర్నియే బందరు రేవులో దిగి, అక్కడి నుంచి మద్రాసు మీదుగా మా గండికోటకు వచ్చి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిశాడు. గండికోట చూసిన కడప పిల్లవాడికి బందరు చూపిస్తే ఆ దారి రెండు కొసలూ చూసినట్టు. ఆ మాట చెప్పే గైడు ఒక్కడూ లేడు.

కడప నుంచి తెల్లవారి ఐదింటికి బయల్దేరితే బద్వేలు, నెల్లూరు, ఒంగోలు మీదుగా చినగంజాం మండలంలోని మోటుపల్లికి మధ్యాహ్నం చేరవచ్చు. అక్కడ కాకతి గణపతిదేవుడి అభయశాసనం ఉంది, 1244 నాటిది. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునే పద్ధతి మానుతున్నామని, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటామని వర్తకులకు రాజు ఇచ్చిన మాట రాతి మీద చెక్కించాడు. దాని ముందు పావుగంట నిలబెట్టి చదివి వినిపిస్తే బస్సులో సగం మంది ఆ ఊరిని మరిచిపోరు. ఊళ్లోకి పెద్ద బస్సును తోలుకుపోవద్దు. పన్నెండు మీటర్ల బస్సు వెనక్కి తిరగడానికి పాతిక మీటర్ల ఖాళీ కావాలి, కరెంటు తీగలు కూడా కిందికి ఉంటాయి. బస్సు పెద్ద రోడ్డు మీద ఆపి, నడవలేనివాళ్లకు ఆటోలు మాట్లాడాలి. రాత్రికి బందరు.

బందరులో పొద్దున్నే కోట, డచ్చివాళ్ల సమాధులు చూపించాలి. 17వ శతాబ్దం మొదట్లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు అక్కడ వర్తకానికి దిగారు. ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఊరిని 1759లో ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నారు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనకు సుమారు 30 వేల మంది పోయారు. ఇంత జరిగిన చోట నీడ లేదు, తాగేనీళ్లు లేవు, తెలుగులో పలక లేదు. మొండిగోడల మధ్య జనం పది నిమిషాలు నిలబడి "ఇంతేనా" అని బస్సెక్కుతున్నారు. కోట వైపు పోయిన బస్సు రోడ్డు దిగి ఇసుకలోకి పోకూడదు. పదిహేను టన్నుల బండి ముందు చక్రం ఒక జానెడు దిగితే క్రేను వచ్చేదాకా కదలదు, ఆ పూట యాత్ర అంతటితో సరి.

కోస్తా రోడ్డు మీదుగా యానాం కలుపుకోవాలనుకుంటే ముందే పర్మిట్ చూసుకోండి. 1954 దాకా ఫ్రెంచివాళ్ల కింద ఉన్న ఆ ఊరు ఇవాళ పుదుచ్చేరిది. ఆంధ్ర పర్మిట్ మాత్రమే ఉన్న బస్సుకు అక్కడ జరిమానా పడుతుంది. ఆ జరిమానాను తలా ఇంత అని ప్రయాణికుల దగ్గర వసూలు చేయడం అన్యాయం. ఆలిండియా టూరిస్టు పర్మిట్ ఉన్న బస్సైతే ఆ చిక్కు లేదు.

విశాఖలో మూడోరోజు పొద్దున తొట్లకొండ, భీమిలి. తొట్లకొండ మీది బౌద్ధారామం 1976లో నౌకాదళం చేసిన ఏరియల్ సర్వేలో బయటపడింది, 1988 నుంచి 1992 దాకా తవ్వారు. ఎండెక్కకముందే, తొమ్మిదిలోపు చూసి దిగాలి. అక్కడి నుంచి భీమిలి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరది. డచ్చివాళ్ల సమాధుల మీది అక్షరాలు ఉప్పుగాలికి ఏడాదికేడాదికీ అరిగిపోతున్నాయి. పురావస్తు శాఖవారు వాటి ఫొటోలు, తెలుగు అనువాదం ఒక పలక మీద పెడితే ఆ పని కొన్ని తరాలు నిలుస్తుంది.

డిసెంబరు తుపానుల నెల అని కూడా గుర్తుంచుకోవాలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. మనం చెబుతున్న దారి అదే. వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చినా బస్సు తీసేవారు డిపాజిట్ పోతుందన్న భయంతో తీస్తున్నారు. తుపాను హెచ్చరిక ఉంటే డబ్బు వాపసు అని ముందే రాసి ఉంటే ఆ భయం ఉండదు.

7. సబ్‌మెరైన్

కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి సోమవారం సెలవు. శని, ఆదివారాలకు సీట్లు నిండక, ఆది సాయంత్రం బయల్దేరి సోమవారం చేర్చే బస్సులు మా దగ్గర తక్కువేం లేవు. 1969 నుంచి 2001 దాకా సముద్రంలో పనిచేసి, 2002 నుంచి ఒడ్డున ప్రదర్శనలో ఉన్న 91 మీటర్ల నౌక అది. లోపల ఏడు గదులు, గదికీ గదికీ మధ్య గుండ్రటి ఇనుప ద్వారాలు. తల వంచి, కాలు మోకాలి ఎత్తుకు లేపి దాటాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి, చీర కట్టుకున్న పెద్దవాళ్లకు ఇది ముందే చెప్పాలి. లోపలికెళ్లాక మధ్యలో వెనక్కి రావడం కష్టం, వెనక వచ్చేవాళ్లంతా ఆగిపోతారు. నలభై ఐదు మందిని ఒకేసారి తోయకుండా పదిహేనేసి మందిగా పంపి, మిగతావారికి ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం, అక్కడి దగ్గర్లోనే 1971 యుద్ధ విజయ స్మారకం చూపించాలి. గంటన్నర కేటాయిస్తే హాయిగా అవుతుంది. అరగంట అంటే ఎవరూ ఏమీ చూడరు.

8. బ్యాండు

ఇక మేం అన్నిటికన్నా ఎక్కువగా పట్టించుకునేది. మా జిల్లాల్లో బ్యాండు అంటే తెలియనివాళ్లు లేరు. కర్నూలు రెండో పటాలం (ప్రత్యేక పోలీసు దళం) బ్యాండును ఆగస్టు 15న, జనవరి 26న చూస్తూ పెరిగిన ఊళ్లు మావి. పెళ్లిబ్యాండులో క్లారినెట్, యూఫోనియం వాయించి బతుకుతున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారికి విశాఖ యాత్ర వినోదం మాత్రమే కాదు, విద్య. ఒక మంచి బ్యాండు నడుస్తూ వాయించేటప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకుంటుంది, ముందు నడిచే డ్రమ్ మేజర్ దండం ఎత్తిన తీరును బట్టి ఎక్కడ ఆగుతుంది, వరుసలు ఒకదాని మధ్య నుంచి ఒకటి వెనక్కి తిరిగేటప్పుడు మూలనున్నవాడు అడుగు ఎంత కురచ చేస్తాడు, ఇవి వీడియోలో కనబడవు.

దూరం నుంచీ కనబడవు. లెక్క చూడండి. బ్యాండు కవాతు నిమిషానికి 120 అడుగులు, అంటే అడుగుకు అర సెకను. శబ్దం సెకనుకు 340 మీటర్ల పైచిలుకు పోతుంది. 85 మీటర్ల దూరాన నిలబడ్డ పిల్లవాడికి డ్రమ్ము దెబ్బ పావు సెకను ఆలస్యంగా వినబడుతుంది. కాలు గాలిలో ఉన్నప్పుడు దెబ్బ పడినట్టుంటుంది. 170 మీటర్లకు పోతే ఎడమ కాలి దెబ్బ కుడి కాలికి కలుస్తుంది. తాళం తప్పిందని పిల్లలు అనుకుంటారు. తప్పింది బ్యాండు కాదు, వాళ్లను నిలబెట్టిన చోటు. పైగా పెద్ద స్పీకర్ల పక్కన నిలబడితే వ్యాఖ్యానం తప్ప క్లారినెట్ వినబడదు. ఆలస్యంగా చేర్చిన బస్సుల్లోని మా పిల్లలకు ప్రతిసారీ దక్కేది ఈ వెనక వరుసలే.

నౌకాదళ అధికారులకు మా విన్నపం: బడి బ్యాండు పిల్లలకు, వారి మాస్టర్లకు నలభై, యాభై మీటర్లలోపు, స్పీకర్లకు దూరంగా ఒక చిన్న ఆవరణ కేటాయించండి. చక్రాల కుర్చీ వారికీ అలాంటి చోటే ఇవ్వండి. దూర జిల్లాల బస్సులకు ముందుగా పాసులిచ్చి పార్కింగ్ చోటు చెప్పండి. వీలైతే ఏడాదికొకసారి మీ బ్యాండును గండికోటకో, కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గరికో పంపండి. బస్సెక్కలేని ముసలివాళ్లు, బస్సు డబ్బు పెట్టలేని పిల్లలు కూడా వింటారు.

బస్సు నిర్వాహకులకు: బయల్దేరే ముందు వారంలో ఒక సాయంత్రం స్థానిక బ్యాండు మాస్టరును పిలిచి గంటసేపు వాయిద్యాలు చూపించండి. కార్నెట్‌కూ ట్రంపెట్‌కూ తేడా తెలిసి పోయినవాడు వినే తీరే వేరు. జెండా దిగేటప్పుడు, జాతీయ గీతం మోగే 52 సెకన్లు అందరూ లేచి నిలబడాలని, ఫోన్లు జేబుల్లో ఉండాలని బస్సులోనే చెప్పండి. బ్యాండు ఆగకముందే "బస్సు పోతుంది రండి" అని గైడు ఈలలు వేయడం ఆపించండి.

9. డబ్బు, కాగితం

నోటిమాట మీద నడిచే యాత్రల్లో నష్టపోయేది ఎప్పుడూ ప్రయాణికులే. బస్సు రకం, సీట్లు, ఏ రోజు ఎక్కడ బస, ఏ భోజనం కలిసింది, ఏది కలవలేదు, టోల్, పార్కింగ్, డ్రైవరు బాటా ఎవరివి, రద్దయితే ఎంత వాపసు, ఇవి ఒక కాగితం మీద తెలుగులో రాసి సంతకం చేసి ఇవ్వాలి. పుష్‌బ్యాక్ ఏసీ బస్సని చెప్పి మామూలు బస్సు పంపితే తేడా డబ్బు వెనక్కి ఇవ్వాలి. ప్రయాణికులకు మా మాట: ఆ కాగితం లేకుండా డబ్బు కట్టకండి. మాట తప్పితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు, 5 లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు.

ఇవన్నీ అమలు చేస్తే ఖర్చు పెరుగుతుందంటారు. పెరుగుతుంది. రెండో డ్రైవరు, రాత్రుళ్లకు లాడ్జి, ఒక గైడు. ఐదు రాత్రులు, ఆరు రోజుల యాత్ర అవుతుంది. ఆ ఖర్చు దాచకుండా కాగితం మీద పెట్టండి, భరించగలిగినవాళ్లు భరిస్తారు. బడి పిల్లలకు, మాజీ సైనికుల భార్యలకు పర్యాటక శాఖ టికెట్టులో కొంత భాగం భరించాలని అడుగుతున్నాం. తక్కువ ధరకు ఒప్పుకుని నిద్రలేని డ్రైవరు చేతిలో నలభై ప్రాణాలు పెట్టమని మాత్రం ఎవరూ మమ్మల్ని అడగొద్దు.

ఈ తొమ్మిదింటికీ ఉగాదిలోగా రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాం. ఏది చేయగలరు, ఏది చేయలేరు, ఎందుకు చేయలేరు, ఇంతే చాలు. రాకపోతే మూడు జిల్లాల కలెక్టరేట్లలో సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇదే లేఖను పాయింటు పాయింటుగా అర్జీలుగా పెడతాం. ఈ యాత్రలకు ఇచ్చిన పర్మిట్లు, వాటి షరతులు, ట్రిప్ షీట్ల నకళ్లు సమాచార హక్కు చట్టం కింద అడుగుతాం. 30 రోజుల్లో ఇవ్వాల్సిన సమాచారం అది. వచ్చే సీజను కరపత్రాలు అచ్చయ్యేలోపు ఆ కాగితాలు మా చేతికి రావాలి.

ఇట్లు
కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల యాత్రా బృందాల బాధ్యులు, టూరిస్టు బస్సు డ్రైవర్లు, బడి బ్యాండు మాస్టర్లు, మాజీ సైనికులు